మితాహారం మాస్టారి బొటనవేలు

మా చిన్నాన్న ఎదుట కూర్చుని భోంచెయ్యడం ఎవరి తరమూ కాదు. ముద్ద నోట్లో పెట్టుకోగానే ఆయన చూపు మన దవడల మీద పడేది. నమిలి మింగేదాకా అక్కణ్ణుంచి కదిలేది కాదు. మింగాక ఒక నిట్టూర్పు విడిచేవాడు. మనం పోయామని కబురందితే పరామర్శకు వచ్చిన మనిషి నిట్టూర్పులా ఉండేది అది.

ఊరంతా ఆయన్ను మితాహారం మాస్టారు అనేది. నిజానికి ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. టెలిఫోన్ ఆఫీసులో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే బయటికొచ్చాడు. మధ్యలో ఎప్పుడో కడుపునొప్పి వస్తే రెండు పూటలు పస్తుండి తగ్గించుకున్నాడు. ఎవరికైనా తగ్గే నొప్పే అది. ఆయన మాత్రం లోకానికి మందు కనిపెట్టేశానని నమ్మాడు. ఉద్యోగం వదిలేసి, టైర్ల దుకాణం పైన ఉన్న హాలు అద్దెకు తీసుకుని, ఆదివారం ఉదయాలు ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. కింద రబ్బరు వాసన, పైన నీతుల వాసన. అయినా జనం వచ్చేవారు. తిట్టించుకోవడానికి మనుషులు అంత పొద్దున్నే లేచి, ఇస్త్రీ బట్టలు వేసుకుని, మెట్లెక్కి వస్తారని ఎవరైనా చెబితే నేను నమ్మేదాన్ని కాదు. కళ్లారా చూశాను కాబట్టి నమ్ముతున్నాను.

ఆయన సిద్ధాంతం ఒక్క ముక్కలో తేలిపోతుంది. జబ్బు వచ్చిందంటే నోరు కట్టుకోలేదని అర్థం. షుగరు వచ్చినవాడు తిండిపోతు, తలనొప్పి వచ్చినవాడు సోమరిపోతు, కీళ్లు వాచినవాడు తాగుబోతు. అంతే. పరీక్షలెందుకు, మాత్రలెందుకు? మనిషి సన్నగా, నిటారుగా, గొడుగు కర్రలా ఉండేవాడు. ఆ సన్నదనాన్ని సొంత కష్టార్జితంలా చూపించుకునేవాడు. మా పిన్ని ఆయన తిన్నదే తినేది, ఆయన చూడనప్పుడు ఇంకాస్త తినేది. ఆమె బొద్దుగా ఉండేది గానీ ఏ జబ్బూ ఉండేది కాదు. ఆమెను చూస్తే ఆయన సిద్ధాంతం తలకిందులయ్యేది. అందుకని ఆమెను హాలు గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు.

మా నాన్న ఆయనకు అన్న. దర్జీ. కోట్లు, ప్యాంట్లు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. వీధి చివర మలుపులో ఒకే ఒక్క గది దుకాణం. అద్దాల తలుపు పక్కన కత్తిరింపు బల్ల, దాని వెనక కాలితో తొక్కే కుట్టుమిషను. మోటారు పెట్టుకోమని అందరూ చెప్పినా వినేవాడు కాదు. గుడ్డ ఎక్కడ ఆగాలో కాలికే తెలుస్తుందనేవాడు. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఆ కాలు ఆడుతూనే ఉండేది. తిండి కూడా మిషను పక్కనే, సుద్దముక్కల మధ్య పళ్లెం పెట్టుకుని, గబగబా తినేసేవాడు. మద్యం ముట్టిన మనిషి కాదు. కుట్టేవాడి చెయ్యి వణికితే కోటు చంక బిగుసుకుంటుందని ఆయన భయం.

ఒక చలికాలం ఉదయం నాన్న మంచం మీంచి కాలు కింద పెట్టి, మళ్లీ పైకి తీసుకున్నాడు. కుడికాలి బొటనవేలు మొదట్లో ఉబ్బి, ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. అమ్మ దుప్పటి సర్దబోతే దాని అంచు తగిలి నాన్న కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాన్న ఏడవడం నేను చూసింది అదే మొదలు. సూది గోరు కింద దిగినా ఉఫ్ అని ఊదుకుని పని చేసుకునే మనిషి.

కబురు తెలిసి చిన్నాన్న వచ్చాడు. వచ్చీ రాగానే కాలు వంక చూడలేదు. మంచం దగ్గర వంగి, నాన్న మొహంలో మొహం పెట్టాడు.

"ఊదు," అన్నాడు.

"ఏంట్రా?"

"నోరు తెరిచి ఊదమంటున్నా. ఎక్కడ తాగుతున్నావు, అన్నయ్యా?"

నాన్న నవ్వాడు. నొప్పిలో కూడా అది హాస్యమనుకున్నాడు. చిన్నాన్న నవ్వలేదు. నోట్లో వాసన లేకపోతే దొంగచాటుగా తాగి లవంగం నమిలాడని తేల్చాడు. ఈ జబ్బు తాగుబోతులకూ, మాంసం మీద పడి బతికేవాళ్లకూ తప్ప రాదని అమ్మను పక్కకు పిలిచి చెప్పాడు. వీధి మొదట్లో మందుల షాపు డాక్టరు ఇచ్చిన మాత్రలను కిటికీలోంచి మురిక్కాలవలో పారబోశాడు.

నరం లేని నాలుక ఏమైనా అంటుంది, దాన్ని పట్టించుకోకూడదని అంటారు. మా అమ్మ పట్టించుకుంది. పాపం, ఆమెదీ తప్పు కాదు. చదువుకున్న మరిది, హాలునిండా జనం నమ్మే మనిషి. ఆ మధ్యాహ్నం ఆమె దుకాణానికి వెళ్లి, లైనింగు గుడ్డల చుట్టల వెనక చెయ్యి పెట్టి వెతకడం నేను చూశాను. ఒక సీసా దొరికింది. మూత తీసి వాసన చూసింది. మిషను నూనె. మళ్లీ మూత పెట్టి, ఎక్కడి సీసా అక్కడ పెట్టేసి, నావైపు చూడకుండా ఇంటికి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండానే వాపు దానంతట అదే తగ్గింది. ఆ ఘనత చిన్నాన్న ఖాతాలో పడింది. అక్కణ్ణుంచి నాన్నను దారిలో పెట్టే బాధ్యత ఆయన తీసుకున్నాడు. మాంసం బంద్, పప్పు బంద్, ఉప్పు బంద్. ఉడికించిన క్యాబేజీ, పళ్లరసం. మధ్యమధ్యలో నీళ్లు కూడా లేని ఉపవాసాలు. నాన్న పెద్దగా లావు మనిషి కాదు, ఆ పైన చిక్కి, తను కుట్టిన చొక్కాలోనే వేలాడసాగాడు. నొప్పి మాత్రం పోలేదు. ఉపవాసం చేసిన ప్రతిసారీ ఇంకా తొందరగా వచ్చేది. ఒకసారి చీలమండకు, ఒకసారి మోకాలికి. వచ్చినప్పుడల్లా చిన్నాన్న చెప్పేది ఒకటే, అన్నయ్య దొంగతిండి తింటున్నాడని.

ఒక ఆదివారం నాన్నను హాలుకు రమ్మన్నాడు. ఏదో మంచి చెబుతాడేమోనని నేను కూడా వెంట వెళ్లాను. ఉపన్యాసం మధ్యలో చిన్నాన్న ఆగి, వేలు చూపించి, లేచి నిలబడమన్నాడు. నాన్న ముందు కుర్చీ వీపు పట్టుకుని లేచాడు. నొప్పి కాలు నేలకు పూర్తిగా ఆనలేదు.

"ఈయన నా సొంత అన్న. ఒకే తల్లి పాలు తాగాం," అన్నాడు చిన్నాన్న. "నన్ను చూడండి, ఈయన్ను చూడండి. తేడా ఎక్కడుంది? నాలుక దగ్గరుంది."

జనం తలలూపారు. ముందు వరసలో ఒకావిడ జాలిగా నాలుక చప్పరించింది. నాన్న అలాగే నిలబడి ఉన్నాడు, కూర్చోమని ఎవరూ అనలేదు కాబట్టి. ఆ పూట నాకు చిన్నాన్న మీద పుట్టింది కోపం కాదు. కోపమైతే ఎప్పుడో చల్లారేది. చెప్పుకింద పురుగును చూస్తే కలిగేది ఏదో, అది.

ఏళ్లు గడిచాయి. నాన్న చేతివేళ్ల కణుపుల మీద గడ్డలు లేచాయి. చెవి అంచున కూడా ఒకటి, బియ్యపుగింజంత. వేళ్ల గడ్డలు చిట్లితే లోపల సుద్దలాంటి తెల్లటి పొడి కనిపించేది. కత్తెర ఉంగరంలో బొటనవేలు దూరడం మానేసింది. ఒకరోజు పెళ్లికొడుకు కోటు గుడ్డ కత్తిరిస్తుండగా కత్తెర పట్టు తప్పి, ఛాతీ ముక్క అడ్డంగా తెగిపోయింది. నాన్న కత్తెరను బల్ల మీద పెట్టి, నా వైపు నెట్టాడు. ఆ రోజునుంచి కత్తిరింపు నాదయింది. ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని, ఎక్కడ ఎంత వదలాలో నోటితో చెప్పేవాడు.

అప్పుడు నేను చిన్నాన్నకు చెప్పకుండా ఆయన్ను పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాను. కీళ్ల డాక్టరమ్మ ఒకావిడ ఉండేది. పొట్టి జుట్టు, పెద్ద గొంతు, మొహమాటం లేని మనిషి. నాన్న చెయ్యి పట్టుకుని ఒక్కొక్క గడ్డనూ వేలితో తడిమి, రక్తం పరీక్ష చేయించి, ఇది గౌట్ అని చెప్పింది. నాన్న వెంటనే తాను తాగనని, దొంగతిండి తిననని ఒట్టు వెయ్యబోయాడు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పడం ఆయనకు అలవాటైపోయింది.

డాక్టరమ్మ ఆ మాట పట్టించుకోలేదు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది. ఎవరికీ లేదన్నాడు నాన్న. వాళ్ల నాన్నకు? ఆయన కుంటేవాడు గానీ అది వేరు, అన్నాడు. మా తాత గోదాములో కాపలాదారు. దొంగను తరుముతూ గోడ దూకి కాలు విరగ్గొట్టుకున్నాడని మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ. చిన్నాన్న తన ఉపన్యాసాల్లో కూడా చెప్పేవాడు. విరిగిన కాలితోనే దొంగను పట్టుకున్నాడనీ, ఆ క్రమశిక్షణే తనకొచ్చిందనీ.

"కుంటు ఎప్పుడూ ఉండేదా, వచ్చి పోతుండేదా?" అంది డాక్టరమ్మ.

నాన్న ఆలోచించాడు. "వచ్చి పోతుండేదండి."

"పెద్దాయనా, విరిగిన ఎముక చుట్టంలా వచ్చి పోతుందా?"

నాన్న లేచి, అక్కనే అడగాలి అన్నాడు.

ఆ సాయంత్రమే మేము మా మేనత్త ఇంటికి వెళ్లాం. నాన్నకూ చిన్నాన్నకూ అక్క ఆమె. తాత ఆఖరిదాకా ఉన్నది ఆమె దగ్గరే. మొదట చెప్పనంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంది. నాన్న తన రెండు చేతులూ ఆమె ఒడిలో పెట్టాడు. ఆ వేళ్లు చూసి ఆమె చెప్పింది.

దొంగా లేడు, గోడా లేదు. తాతకు కాలివేలు వాచేది, పొద్దున్నే లేవలేకపోయేవాడు. కాపలాదారు కుంటుతూ వస్తే గోదాము యజమాని తాగొచ్చాడనుకుంటాడని భయం. ఒకసారి అలాగే అడిగాడు కూడా. అప్పుడు తాత నోటికొచ్చింది చెప్పాడు, దొంగ వచ్చాడని. అది నిలబడిపోయింది. ఆ తరవాత వాచినప్పుడల్లా పాత దెబ్బ తిరగబెట్టిందనేవాడు. పిల్లల్లో ఆమే పెద్దది కాబట్టి, కాలి మీద తడిగుడ్డ వెయ్యడం ఆమె పని. ఈ మాట చెబుతూ ఆమె తన చేతివేళ్లను కొంగు కింద దాచుకోబోయింది. నేను పట్టుకుని చూశాను. చివరి కణుపుల దగ్గర అవే గడ్డలు. వయసు పైబడ్డాక వచ్చాయంది. ముసలితనం అనుకుందట.

మరుసటి వారం డాక్టరమ్మ అత్తను కూడా చూసింది. మాకు అర్థమయ్యేలా చెప్పింది. మనం తిన్నదాంట్లోంచీ, ఒంట్లో పాతబడిన కణాల్లోంచీ యూరిక్ ఆసిడ్ తయారవుతూనే ఉంటుంది, అందరిలోనూ. మూత్రపిండాలు దాన్ని బయటికి తోసెయ్యాలి. కొందరి మూత్రపిండాలు పుట్టుకతోనే లోభులు. తొయ్యాల్సినదాన్ని మళ్లీ వెనక్కి లాక్కుంటాయి. ఎంత తొయ్యాలి, ఎంత లాక్కోవాలి అన్నది తల్లిదండ్రులనుంచి వచ్చిన జన్యువులు చెబుతాయి. అది ఒక్క జన్యువుతో తేలే పని కాదు, చాలా ఉన్నాయి, కొన్ని గట్టివి, కొన్ని అంతంతమాత్రం. అందుకే ఒకే పళ్లెంలో తిన్న ఇద్దరిలో ఒకడి వేలు వాస్తుంది, ఇంకొకడు హాయిగా తిరుగుతాడు. ఆడవాళ్లను నెలసరి ఉన్నన్నాళ్లూ ఒంట్లోని హార్మోన్లు చాలామటుకు కాపాడతాయి. తాగుడూ, మాంసం, బరువూ మంటను ఎగదోస్తాయి, కాదనను, అంది. కానీ పస్తులుండటం, నీళ్లు మానెయ్యడం కూడా ఎగదోస్తాయి.

"ఈయనకు పస్తులు పెట్టిందెవరు?" అని అడిగింది. నేను చెప్పాను. ఆవిడ కలం మూత తిప్పుతూ, ఆ మహానుభావుడిని కూడా ఒకసారి రక్తం ఇచ్చిపొమ్మను, అదే తండ్రి కదా, అంది.

నేను వెళ్లి చెబితే చిన్నాన్న నన్ను కూర్చోమనలేదు. ఏదో పొడి కలిపిన నీళ్లు గుటకలు వేస్తూ విన్నాడు. తాత కథ అబద్ధమన్నందుకు అత్తకు మతి చెడిందన్నాడు. జన్యువులన్నవి తిండిపోతుల సాకులన్నాడు. తన రక్తంలో వెతికినా విషం దొరకదన్నాడు. గురివింద గింజ తన నలుపెరగదని వినడమే గానీ, అది మనిషిలా కూర్చుని నీళ్లు తాగడం ఆ రోజే చూశాను.

నాన్నకు మందు మొదలైంది. మొదట్లో మళ్లీ నొప్పులు వస్తాయనీ, వచ్చినా ఆపొద్దనీ డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. వచ్చాయి. ఆపలేదు. నెమ్మదిగా ఆ రాకపోకలు తగ్గాయి.

ఆ ఎండాకాలం చిన్నాన్న హాల్లోనే అందరి ఎదుటా పెద్ద ఉపవాసం ప్రకటించాడు. తిండి లేకుండా, నీళ్లు నామమాత్రంగా. వేదిక మీద చాప పరుచుకుని కూర్చునేవాడు, జనం వచ్చి చూసి వెళ్లేవారు. నాన్నను మందులకు బానిసను చేశామని అక్కడినుంచే ప్రచారం చేశాడు. ఉపవాసం ముగించాక ఆయన బయట కనిపించలేదు. ఆ ఆదివారం హాలు తాళం తియ్యలేదు. విషాలు కాలి గుండా దిగిపోతున్నాయనీ, మాస్టారు మౌనంలో ఉన్నారనీ శిష్యుడొకడు మెట్ల కింద నిలబడి జనానికి చెప్పాడు.

ఇంకో రెండు రోజులకు పిన్ని దుకాణానికి వచ్చింది. చేతిసంచిలోంచి ఆయన నల్లబూటు ఒకటి తీసి, ముందు భాగం కోసి, మెత్తటి గుడ్డ వేసి వెడల్పుగా కుట్టగలవా అమ్మాయ్ అని అడిగింది. నేను బూటు తిప్పి చూసి, కుడికాలి బొటనవేలా పిన్నీ అన్నాను. ఆమె నాన్న వంక చూసింది. తరవాత కుర్చీలో కూలబడి, ఆయన పళ్లు నూరుతున్నాడనీ, కిటికీలన్నీ మూయించాడనీ, అరిస్తే పక్కింటికి వినిపిస్తుందని తువ్వాలు నోట్లో కుక్కుకుంటున్నాడనీ చెప్పింది. తేలు కుట్టిన దొంగ గురించి నాకింకెవరూ చెప్పక్కర్లేదు.

నాన్న లేచి చొక్కా వేసుకున్నాడు. మనం వెళ్లొద్దన్నాను. వినలేదు.

చిన్నాన్న గదిలో మంచం మీద పడుకుని ఉన్నాడు. కాలు ఒక దిండు మీద ఉంది. ఆ వేలు చూశాను. అచ్చం నాన్న వేలే. అదే ఎరుపు, అదే మెరుపు, పక్కకు కాస్త ఒరిగిన అదే గోరు. మొహం మాత్రం గోడవైపు తిప్పుకున్నాడు.

నాన్న అటూ ఇటూ చూసి, మూలనున్న అట్టపెట్టె తీసుకుని, ఒక వైపు చింపి, కాలి మీద గొడుగులా బోర్లించాడు. దుప్పటి దాని మీదుగా కప్పాడు. ఇక గుడ్డ వేలికి తగలదు. ఆ కిటుకు ఆయన ఏళ్ల తరబడి ఒంటరిగా నేర్చుకున్నది. తరవాత జేబులోంచి నొప్పి మాత్రలు తీసి పిన్నికి ఇచ్చి, ఇవి ఇవాళ్టికి మాత్రమే, రేపు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాలి అన్నాడు. తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. నేను ఎదురుచూశాను. ఒక్కటంటే ఒక్క మాట. అనలేదు.

అందుకని నేనే మంచం దగ్గరికి వెళ్లి వంగాను.

"చిన్నాన్నా, ఊదండి. ఎక్కడ తాగారు?"

గోడవైపు తిరిగిన ఆ మెడ నెమ్మదిగా ఎర్రబడింది. నాన్న నా భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాడు. నేను చేసింది తప్పని ఆయన అనుకున్నాడు. నేను మాత్రం అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

చిన్నాన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. టోపీ పెట్టుకుని, చుట్టుపక్కల చూసుకుంటూ, వెనక గుమ్మంలోంచి వెళ్లాడట. రక్తంలో యూరిక్ ఆసిడ్ నాన్నకన్నా ఎక్కువే తేలింది. మాత్రలు రాసింది. బుద్ధిగా వేసుకోసాగాడు. ఇంకొకరి మాత్రలు కాలవలో పోసిన చెయ్యి, తన మాత్ర ఒక్కటి నేల మీద పడితే మంచం కింద దూరి వెతికేదని పిన్ని చెప్పింది. అయినా హాలు మళ్లీ తెరుచుకుంది. విషాలన్నీ దిగిపోయి కొత్త మనిషినయ్యానని చెప్పుకున్నాడు. ఉపన్యాసం పాతదే.

ఒక ఆదివారం ఆయన కోటు రిపేరు చేసి, ఇవ్వడానికి హాలుకు వెళ్లాను. కోటు తెచ్చిపెట్టింది పిన్ని, లోపలి జేబు చిరిగిందని. ఆ జేబులో మాత్రల అట్ట ఉంటే తీసి, కుట్టి, మళ్లీ దాంట్లోనే పెట్టాను. కోటు తొడుక్కుని ఆయన వేదిక ఎక్కాడు. ఆ వేళ వచ్చినవాళ్లలో ఒక బస్సు డ్రైవరు ఉన్నాడు. భారీ మనిషి. ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు. బ్రేకు మీద కాలు ఆనడం లేదనీ, బండి ఇవ్వడం మానేస్తారేమోననీ అడగడానికి వచ్చాడు. చిన్నాన్న అతన్ని నిలబెట్టాడు. ఏమేం తింటావో చెప్పమన్నాడు. అతను ఒక్కొక్కటే చెబుతుంటే జనం నవ్వారు. డాక్టరు ఇచ్చిన మాత్రలు కాలవలో పారేసి నోరు కట్టుకోమన్నాడు చిన్నాన్న. అతను ముందు కుర్చీ వీపు పట్టుకుని, సరేనండి, సరేనండి అంటున్నాడు.

నేను వెనక వరసలోంచి లేచాను.

"ముందు మీ జేబులోవి పారెయ్యండి, చిన్నాన్నా. ఎడమవైపు లోపలి జేబు. ఇందాకే కుట్టాను."

ఆయన చెయ్యి తెలియకుండానే గుండె మీదికి వెళ్లింది. తరవాత ఒక చిరునవ్వు తెచ్చుకుని, అవి మా అన్నయ్యవి, పాపం మతిమరుపు, నేనే గుర్తుచేసి వేయిస్తుంటాను అన్నాడు. జనం ఆ మాటే నమ్మారు. ఒకాయన లేచి, పెద్దలను నిలదీయడమేంటమ్మా అని నన్ను మందలించాడు. ముందు వరస ఆవిడ మళ్లీ నాలుక చప్పరించింది, ఈసారి నా కోసం. అప్పుడు నాకు తెలిసింది, ఆ హాల్లో అసహ్యించుకోవాల్సింది ఒక్క చిన్నాన్ననే కాదని. ఆరోగ్యం కోసం వచ్చినవాళ్లు కాదు వాళ్లు. తమకు ఇంకా రాని జబ్బు తమ మంచితనం వల్లే రాలేదని వినడానికి వచ్చినవాళ్లు.

డ్రైవరు మాత్రం మెట్ల కింద నా కోసం ఆగాడు. ఆ డాక్టరమ్మ ఏ ఆసుపత్రిలో ఉంటుందమ్మా అని అడిగాడు. చెప్పాను. మీ నాన్నకు ఉండేదా అని అడిగాను. కాస్త సిగ్గుపడి, మా నాన్నకూ, మా పెదనాన్నకూ ఉండేది, చెప్పులు కుట్టేవాడు వేలు దగ్గర వదులు ఉంచి కుట్టేవాడు అన్నాడు.

ఇక్కడితో చిన్నాన్న పని అయిపోయిందనుకుంటే మనం పొరపడినట్టే. అలాంటివాళ్లు నీళ్లలో పడితే చేపను పట్టుకుని పైకొస్తారు. జేబులో మాత్రల సంగతి నెమ్మదిగా పొక్కింది. జనం పలచబడ్డారు. అప్పుడాయన ఒక ఆదివారం వేదికెక్కి కొత్త సిద్ధాంతం చెప్పాడు. జబ్బు తిండివల్ల కాదు, వంశం వల్ల! తానే లోతుగా పరిశోధించి తెలుసుకున్నాడట. అదీ అందరికీ వచ్చేది కాదట, పూర్వం రాజులకూ, మేధావులకూ వచ్చేదట. అలాంటి రక్తం తమ కుటుంబంలో ప్రవహిస్తోందట. గోదాము కాపలాదారు తాత ఆ పూట ఏదో సంస్థానంలో రక్షణాధికారి అయ్యాడు. పాత జనం తిరిగొచ్చారు, కొత్తవాళ్లు కూడా తోడయ్యారు. తిండిపోతులని తిట్టించుకున్నవాళ్లే ఇప్పుడు ఉత్తమవంశీకులై, కుంటుతూ, గర్వంగా మెట్లెక్కసాగారు. మందు వేసుకొమ్మని మాత్రం ఆయన అప్పుడు కూడా ఎవరికీ చెప్పలేదు. చెబితే అందరూ డాక్టరమ్మ దగ్గరికి పోతారు కదా.

ఇదంతా వింటే నాన్న నవ్వుతాడు. "వాడు మాత్ర వేసుకుంటున్నాడా? అయితే చాల్లే," అంటాడు. ఆయనకు చాలు. నాన్న చెవి మీది గడ్డ కరిగిపోయింది, వేళ్ల గడ్డలు చిన్నవయ్యాయి. కానీ ఏళ్ల తరబడి జబ్బు తినేసిన కణుపులు తిరిగి రావు. రెండు వేళ్లు వంకరగానే ఉండిపోయాయి. బొత్తాలు కుట్టగలడు, సుద్దతో గీత గీయగలడు. కత్తెర పట్టలేడు. నా రక్తం కూడా పరీక్ష చేయించాను. ఉండాల్సినదానికన్నా కాస్త ఎక్కువే. ఇప్పుడు మందు అవసరం లేదనీ, నీళ్లు బాగా తాగమనీ, వయసు మళ్లాక ఏడాదికోసారి చూపించుకొమ్మనీ డాక్టరమ్మ అంది. తాత ఇచ్చింది ఎక్కడికి పోతుంది?

మొన్న చిన్నాన్న కొత్త కోటు కుట్టించుకోవడానికి దుకాణానికి వచ్చాడు. ఉపన్యాసాలకు ఇంకో ఊరినుంచి పిలుపు వచ్చిందట. ఆ సమయానికి నాన్న లేడు. నేను గుండుసూదులు పళ్ల మధ్య పెట్టుకుని, అద్దం ముందు ఆయన వెనక నిలబడి భుజం కొలుస్తున్నాను. ఆయన అద్దంలోంచి నన్ను చూసి, ఎంతో దయగా అన్నాడు.

"నీకు కూడా వస్తుందమ్మా ఎప్పుడో. బాధపడకు. మన రక్తం అలాంటిది."

నేను సూదులు తీసి బల్ల మీద పెట్టాను.

"రక్తం ఇచ్చినందుకు తాతను ఏమీ అనను, చిన్నాన్నా. నాన్న వేళ్లు వంకర చేసింది తాత కాదు."

ఆయన అద్దంలో తన మొహం వంక చూసుకున్నాడు. ఏమైనా అంటాడేమోనని టేపు మెడలో వేసుకుని నిలబడ్డాను. ఆయన కుడి భుజం కాస్త పైకెత్తి, ఇక్కడ కొద్దిగా వదులు చెయ్యవా అన్నాడు. చేశాను. పని పని కదా.